ఆగడం వేరు, ఆపడం వేరు



మోటారు పందేలను గురించి మనవాళ్ళలో రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. రెండూ సరికావని నా వాదం. మొదటిది సాహిత్యాభిమానులది. "గిరగిర తిరిగే కార్లలో చూడవలసినదేముంది? పైగా నడుమ ఆగి చక్రాలు మార్చుకోవడమట! ఆగినవాడిది పరుగెట్లా అవుతుంది?" అంటారు వీరు. రెండవది పందేల నిర్వాహకులది, వారి వెంట నడిచే యువ ప్రేక్షకులది. "ఆగితేనే కదా రసం! కనుక ఎక్కువసార్లు ఆగేటట్లు నియమం పెడదాం" అంటారు వీరు. మొదటివారికి ఆగడంలోని అర్థం తెలియదు. రెండవవారికి తెలుసు, తెలిసి కూడా దానిని అంగడి సరుకు చేస్తున్నారు. నా కోపం ప్రధానంగా రెండవవారి మీదనే. అయితే మొదటివారికి సమాధానం చెప్పకుండా రెండవవారిని నిలదీయడం కుదరదు కనుక వరుసగా వస్తాను.

ముందు ఒక పదం విషయం. "పిట్ స్టాప్" అనే మాటకు నేను "మజిలీ" అని వాడుతున్నాను. దారిలో బడలిక తీర్చుకొని, మళ్ళీ బయలుదేరడానికి ఆగే చోటు మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ కథ నడిచేది ప్రయాణంలో కాదు, మజిలీలో. మోటారు పందెంలో కూడా కథలో సగం అక్కడే ఉంటుంది. నచ్చనివారు పిట్ స్టాప్ అనే అనుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఇక టైరు సంగతి. పందెపు టైరు మన లారీ టైరు వంటిది కాదు. లారీ టైరు నెలల తరబడి అరుగుతుంది. దీని చేవ గంటలోపే చచ్చిపోవచ్చు. ఎందుకంటే ఇది మన్నిక కోసం కాక పట్టు కోసం చేసిన రబ్బరు. తగిన వేడి పుట్టేవరకు అది బాటను పట్టదు. ఆ వేడి మించితే జారడం మొదలుపెడుతుంది. మలుపులో ఎంత దూకుడుగా తిప్పితే, బ్రేకు మీద ఎంత మొరటుగా కాలు వేస్తే, అంత త్వరగా చెడుతుంది. ఫార్ములా వన్‌లో ప్రతి పందేనికి పొడి బాట మీద వాడే టైర్లు మూడు రకాలు ఇస్తారు. మెత్తనిదానికి ఎర్రగీత, మధ్యరకానికి పసుపుగీత, గట్టిదానికి తెల్లగీత. మెత్తనిది వేగం ఇచ్చి ఆయుష్షు తీసుకుంటుంది. గట్టిది ఆయుష్షు ఇచ్చి వేగం తీసుకుంటుంది. ఏది ముందు, ఏది వెనుక, ఎన్నవ చుట్టులో మార్చాలి అన్నదే వ్యూహం.

లెక్క చూడండి. చక్రాలు నాలుగూ మార్చడానికి రెండు మూడు సెకన్లు చాలు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు 1.80 సెకన్లలో మార్చి రికార్డు సృష్టించింది. కాని మజిలీ దారిలో వేగపరిమితి ఉంటుంది, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు. అందుచేత ఒక మజిలీకి మొత్తం మీద ఇరవై సెకన్ల దాకా పోతాయి. అరిగిన టైరు వల్ల చుట్టుకు ఒక సెకను పోతున్నదనుకుందాం. ఇంకా ముప్పై చుట్లు మిగిలి ఉంటే ఆగినవాడికే లాభం. పది చుట్లే మిగిలి ఉంటే ఆగనివాడికి లాభం. ఇంతేనా అంటే ఇంతే కాదు. ముందున్నవాడికంటే ఒక చుట్టు ముందుగా ఆగి, కొత్త టైర్లతో ఆ ఒక్క చుట్టూ గాలిలా తిరిగి, వాడు ఆగి వచ్చేసరికి వాడిని దాటి ఉండే ఎత్తు ఒకటుంది. దానినే వారు "అండర్‌కట్" అంటారు. బాట మీద దాటలేనివాడిని కాలంలో దాటడమన్నమాట. చదరంగం తెలిసినవారు దీనిని బుద్ధిలేని ఆట అనగలరా?

ఈ విద్య మన పడమటి కర్నూలు వాళ్ళకు కొత్త కాదు. ఆదోనికి పత్తి బండ్ల మీద వచ్చిన కాలంలో బండి తోలేవాడికి తెలియవలసినదంతా ఇదే. ఎండలకు కొయ్య ఎండి కుంచించుకుపోతే చక్రం మీది ఇనుప పట్టా వదులవుతుంది, చక్రాన్ని నీటిలో నానబెట్టాలి. ఇరుసుకు కందెన ఎప్పుడు వేయాలి, ఎద్దు కాలి లాడం ఎంత దూరం వస్తుంది, నల్లరేగడి తడిసిన రోజున బరువు ఎంత తగ్గించాలి, ఇవన్నీ అరుగుదల లెక్కలే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర నాటి బండలాగుడు పోటీ చూసినవారిని అడగండి. ఇచ్చిన గడువులో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిది గెలుపు. మొదటి నిమిషంలోనే అదిలించి ఉరికించినవాడి ఎద్దులు చివరి నిమిషాల్లో మోకాళ్ళ మీద కూలబడతాయి. సత్తువను దాచి, దాచినదానిని సమయానికి ఖర్చు పెట్టినవాడే గెలుస్తాడు. కృష్ణగిరి నుంచి ఆదోని దాకా ఏ రచ్చబండ మీద కూర్చున్న రైతునైనా ఈ సంగతి అడగండి, మనకంటే చక్కగా చెబుతాడు. ఆ రైతుకు ఫార్ములా వన్ పేరు తెలియకపోవచ్చు, సారం తెలుసు. పేరు తెలిసిన మనకే సారం తెలియడం లేదు.

మన దేశంలోనే జరిగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 60 చుట్ల పందెం జరిగింది. సెబాస్టియన్ వెటెల్ అందరికంటే ముందు, మెత్తని టైర్ల మీద బయలుదేరాడు. ఆ బాటకు ఆ టైర్లు నిలవవని తెలుసు. రెండవ చుట్టు చివరనే మజిలీకి వచ్చేశాడు! మొదటివాడు పదిహేడవవాడైపోయాడు. సామాన్య ప్రేక్షకుడికి అది పిచ్చిపనిగా కనబడుతుంది. మిగిలినవారు తరువాత ఒక్కొక్కరుగా ఆగుతూ ఉంటే ఇతడు ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, దాదాపు అరనిమిషం ఆధిక్యంతో గెలిచి, ఆ రోజే నాలుగవ ప్రపంచ విజేతృత్వం దక్కించుకున్నాడు. అదే పందెంలో పదిహేడవ స్థానం నుంచి బయలుదేరిన రొమైన్ గ్రోజాన్ ఒక్క మజిలీతో టైర్లను పసిబిడ్డలను సాకినట్లు సాకి మూడవవాడుగా వచ్చాడు. గ్రోజాన్ జట్టువాడే అయిన కిమి రైకోనెన్ కూడా ఒక్క మజిలీతోనే నెట్టుకురావాలని చూశాడు. ఏడవ చుట్టులో ఆగి, ఆ ఒక్క జత మీద యాభై చుట్లకు పైగా లాగబోయి, చివరలో టైర్లు చచ్చి వెనుకబడ్డాడు. ఒకే రోజు, ఒకే బాట. ముగ్గురు మూడు విధాలుగా ఆలోచించారు, ముగ్గురికీ మూడు ఫలితాలు. ఇందులో ఎవరినీ ఎవరూ ఆగమని శాసించలేదు. మెత్తనివి, గట్టివి రెండు రకాలూ వాడాలన్న ఒక్క నియమం తప్ప మిగిలినదంతా వారి వివేకమే.

మొదటివారికి నా సమాధానం ముగిసింది. ఇక రెండవవారు.

టైరు మీద నియమాలు పెట్టడం ఈనాటి సంగతి కాదు. 2005లో నిర్వాహకులు దీనికి పూర్తిగా విరుద్ధమైన శాసనం చేశారు. అర్హత పరుగుకు, పందేనికి కలిపి ఒకే జత టైర్లు, మార్చడానికి వీల్లేదు అన్నారు. ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు వాలుగా కట్టిన చివరి మలుపు ఒత్తిడికి ఆగవని తేలింది. మూలదోషం టైరు నిర్మాణంలోనిదే, కాదనను. కాని మార్చుకునే వెసులుబాటు లేకపోవడం ఆ ముడిని మరింత బిగించింది. ఫలితంగా పద్నాలుగు కార్లు బాట మీదకు వచ్చినట్లే వచ్చి వెనుదిరిగాయి. ఆరు కార్లు మాత్రమే పందెం నడిపాయి. మన పొరుగున కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ ఆ ఆరుగురిలో నాలుగవవాడు. ఫార్ములా వన్‌లో భారతీయుడికి దక్కిన తొలి పాయింట్లు అవే. గౌరవమే, కాని ఖాళీ బాట మీద దక్కిన గౌరవం. మరుసటి ఏడాది ఆ శాసనం ఎత్తివేశారు. ఆగనివ్వకపోవడం ఒక అతి అని అప్పుడు తెలిసివచ్చింది. బలవంతంగా ఆపడం మరొక అతి అని మాత్రం ఇంకా తెలిసిరాలేదు.

2007లో పందెంలో రెండు రకాల టైర్లూ వాడితీరాలన్నారు. 2010లో నడుమ ఇంధనం నింపడం నిషేధించారు. ఇక మజిలీకి టైరు తప్ప వేరే కారణం లేకుండా పోయింది. 2011లో పిరెల్లి కంపెనీ వచ్చినప్పుడు, పందెం రక్తి కట్టడానికి త్వరగా చేవ తగ్గే టైర్లు చేయమని కోరారు. వారు చేశారు. 2013లో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌లో వేగం మీద ఉన్న కార్ల వెనుక టైర్లు ఒకదాని తరువాత ఒకటి పేలిపోయాయి. హామిల్టన్, మాసా, వెర్న్ ముగ్గురూ ఆ గండం చూసినవారే. అది అరుగుదల కాదు, నిర్మాణం విడిపోవడం. ఎడమ టైరు కుడికి బిగించారని, గాలి తక్కువ పెట్టారని కంపెనీ అన్నది. తప్పు ఎవరిదైనా, టైరును ప్రదర్శన వస్తువుగా చూడడం మొదలైన తరువాత జరిగిన ఘటన అది. టైరు ధర్మం మొదట మనిషిని కాపాడడం, ఆ తరువాతే రక్తి కట్టించడం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. న్యాయమైన ఆక్షేపణే. "పంతులుగారూ, ఆట అంటేనే నియమాలు. మీ ఛందస్సు మాత్రం కృత్రిమం కాదా? యతి స్థానం మీరు నిర్ణయించలేదా? యతి అంటేనే విరామం కదా? మజిలీ స్థానం, సంఖ్య మేము నిర్ణయిస్తే తప్పేమిటి?" అని.

మంచి ప్రశ్న. జవాబు కూడా ఛందస్సులోనే ఉంది. సంస్కృతంలో యతి అంటే విరామం, పదం అక్కడ విరగాలి. మన తెలుగువారు ఆ విరామాన్ని అక్షరమైత్రిగా మార్చుకున్నారు. ఆ స్థానంలో మైత్రి కుదరాలి, అంతే. పదం విరగనక్కరలేదు, అర్థం ఆగనక్కరలేదు. నియమం స్థానం చెప్పింది, సామగ్రి చెప్పింది. ఏ మాటతో తీర్చాలో కవికి వదిలింది. ప్రాస కూడా అంతే. సమర్థుడు ఆ నియమాన్ని అర్థవంతమైన మాటతోనే తీరుస్తాడు, నియమం వల్ల పద్యం బిగుస్తుంది. కాని గణాలు నింపడం కోసం అర్థంలేని అవ్యయాలు కుక్కడం ఒకటుంది. పాదపూరణం. చవైతుహి పద్యమని మన పెద్దలు నవ్వేది దానినే. గణాల లెక్క సరిపోయింది, పద్యం మాత్రం లేదు.

కనుక నా గీటురాయి ఇది. ఒక నియమాన్ని శూన్యంతో తీర్చడానికి వీలుంటే అది చెడ్డ నియమం. శక్తితో తప్ప తీర్చలేనిదైతే మంచి నియమం. రెండు రకాల టైర్లు వాడాలి అన్నది ప్రాస వంటిది. గట్టి టైరు మీద ఎంతసేపు, మెత్తనిదాని మీద ఎంతసేపు అన్న ఆలోచన దాని వల్ల పుడుతుంది. ఇన్నిసార్లు ఆగితీరాలి అన్నది పాదపూరణానికి ఆహ్వానం.

ఇది నా ఊహ కాదు, 2025లో కళ్ళారా చూసినదే. మొనాకో పందెం ఇరుకు వీధుల్లో జరుగుతుంది. 2024లో అక్కడ మొదటి చుట్టులోనే ప్రమాదం జరిగి పందెం ఆగింది. ఆ విరామంలోనే టైర్లు మార్చుకున్నారు. తరువాత ముందున్న పదిమంది బయలుదేరిన వరుసలోనే ఊరేగి ముగించారు. దానికి విరుగుడుగా 2025లో రెండు మజిలీలు తప్పనిసరి చేశారు. ఏమైంది? ఒక జట్టులోని ఇద్దరిలో వెనుకనున్నవాడు కావాలని నెమ్మదిగా నడిపి, వెనుక వరుసనంతా అడ్డగించి, ముందున్న తనవాడికి రెండు మజిలీలకు సరిపడా ఖాళీ కల్పించాడు. రేసింగ్ బుల్స్ అట్లా చేసింది, విలియమ్స్ అదే దారి పట్టింది. మాక్స్ వెర్‌స్టాపెన్ తన రెండవ మజిలీని చివరి చుట్టు ముందు వరకు వాయిదా వేసి, ఏదైనా ప్రమాదం జరిగి పందెం ఆగకపోతుందా అని కాచుకున్నాడు. అరిగిన టైరు మార్చడం కోసం కాదు, లెక్క తీర్చడం కోసం ఆగాడు. చవైతుహి అంటే ఇదే కదా! వేగంగా నడపడం కోసం పుట్టిన ఆటలో నెమ్మదిగా నడపడం వ్యూహమైంది. ఈ సత్కార్యం చేసింది ఒక నియమం.

మొనాకో రోగం మజిలీలు తక్కువ కావడం కాదు. దాదాపు రెండు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్లు మించిన పొడవు ఉన్న కార్లు సందుల్లో ఒకదానినొకటి దాటలేకపోవడం. మా తుంగభద్ర దిగువ కాలువ చివరి భూముల రైతును అడగండి, కాలువలోకి నీరు రానప్పుడు తూములు పెంచితే పారకం పెరుగుతుందా అని.

అదే సంవత్సరం నవంబరు 30న ఖతార్ పందెం. టైర్ల భద్రత కోసం ఒక జతను 25 చుట్లకు మించి వాడరాదన్నారు. భద్రత కోసం పెట్టిన హద్దును నేను తప్పుపట్టను, 2023లో అక్కడే 18 చుట్ల హద్దు పెట్టవలసి వచ్చింది కూడా. కాని దాని ఫలితం చూడండి. పందెం 57 చుట్లు. ఏడవ చుట్టులో ప్రమాదం వల్ల రక్షకవాహనం బాట మీదకు వచ్చింది. ఏడుకు ఇరవై అయిదు కలిపితే ముప్పై రెండు, మరో ఇరవై అయిదు కలిపితే యాభై ఏడు. ఎక్కాలు వచ్చిన పిల్లవాడు చేయగల లెక్క. మెక్‌లారెన్ తప్ప దాదాపు అందరూ అప్పుడే ఆగారు. మళ్ళీ ముప్పై రెండులో మంద మందగా ఆగారు. టైరు ఎంత అరిగింది, ఎవడు ఎంత సున్నితంగా సాకాడు అన్న ప్రశ్నకు చోటే లేదు. సాకినవాడికీ, చీరేసినవాడికీ ఒకటే గడువు. అది మజిలీ కాదు, బడిగంట.

దీనికి ఎదురుగా 2024 సెప్టెంబరు 1న ఇటలీలోని మోంజా పందెం పెట్టి చూడండి. మెక్‌లారెన్‌వారు రెండుసార్లు ఆగారు. ఫెరారీ నడిపిన షార్ల్ లెక్లెర్ పదిహేనవ చుట్టులో ఒక్కసారి ఆగి, ఆ గట్టి టైర్ల మీదనే మిగిలిన 38 చుట్లూ లాగాడు. వెనుక నుంచి కొత్త టైర్ల మీద పియాస్త్రి చుట్టు చుట్టుకూ దగ్గరవుతున్నాడు. అందుకుంటాడా, అందుకోడా? అందుకోలేదు. రెండు మజిలీలు అక్కడ తప్పనిసరి చేసి ఉంటే ఆ ఉత్కంఠ ఎక్కడిది? ఆగకపోవడానికి స్వేచ్ఛ ఉన్నచోటే ఆగడానికి అర్థం ఉంటుంది.

చివరగా మన ఇంటి సంగతి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగింది, మన దేశంలో ఆ పోటీకి అదే మొదటిసారి. విద్యుత్తు కార్లు. ఎండకూ వానకూ ఒకే రకం టైరు. మజిలీ అసలే లేదు. ఆ పోటీ 2014లో మొదలైనప్పుడు బ్యాటరీ పందెం పొడవునా వచ్చేది కాదు, నడుమ ఆగి ఏకంగా కారునే మార్చుకునేవారు. 2018 చివరలో కొత్త కార్లు వచ్చి ఆ అవసరం తీరింది, మజిలీ కూడా పోయింది. అవసరం నుంచి పుట్టినది అవసరంతోనే పోయింది. ఇది ధర్మం. హైదరాబాదులో గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్, సిల్వర్‌స్టోన్‌లో టైరు పేలిన ఆ వెర్నే. చివరి చుట్లలో అతని వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీ వద్ద ఎక్కువ విద్యుత్తు మిగిలి ఉంది. తక్కువ ఉన్నవాడు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ దాచాలి అని పొదుపుగా నడిపి, దారి ఇవ్వకుండా నిలిచి గెలిచాడు. బండలాగుడులో చివరి నిమిషం అచ్చంగా అదే. మన పత్రికలలో నేను చదివినంత మేరకు ఏ దారులు మూశారో ఉంది, ఏ తారలు వచ్చారో ఉంది. వెర్న్ ఎందుకు గెలిచాడో చెప్పిన వాక్యం ఒక్కటి కనబడలేదు. 2024లో జరగవలసిన రెండవ పందెం రద్దయింది. ఆ వివాదం వేరు, దాని జోలికి పోను. మన గడ్డ మీద జరిగిన ఒక్క పందేన్నీ మనం అర్థం చేసుకోకుండానే పోగొట్టుకున్నాం అన్నది నా బాధ.

ఆ ఫార్ములా ఈ లోనూ 2025 ఫిబ్రవరిలో జెద్దా నుంచి కొన్ని పందేలలో 30 సెకన్ల తప్పనిసరి విద్యుత్తు మజిలీ మొదలుపెట్టారు. వేగంగా విద్యుత్తు నింపే విద్యను లోకానికి చూపించడానికి అన్నారు. చూపించండి, మంచిదే. కాని దానిని ప్రదర్శన అనండి, వ్యూహం అనకండి. పోయిన అవసరం చోట నియమాన్ని కూర్చోబెట్టి, అదే పాత రసం పుడుతుందంటే నమ్మేవారు నమ్మవచ్చు.

ఇందులో నష్టం ఏమిటని అడగవచ్చు. చూసేవాడికి ఒక గంట కాలక్షేపం, అంతే కదా అని. అంతే కాదు. తన దగ్గర ఉన్నది తరిగిపోతున్నదని తెలిసి, ఎంత మిగిలిందో కంటికి కనబడకపోయినా చేతి స్పర్శతో గ్రహించి, తగిన క్షణాన నిర్ణయం తీసుకొని, ఆ నిర్ణయానికి కట్టుబడడం ఒక విద్య. నీటి తడుల మీద పైరు పెట్టేవాడికి, నెల జీతంతో ఇల్లు నడిపేవాడికి, ఎద్దుల జతను పోటీకి దింపేవాడికి అది నిత్యం కావలసిన విద్య. ఆటలో దానిని చూసి ఆనందించడం చిన్న విషయం కాదు. ఆ నిర్ణయాన్ని ఆటగాడి చేతి నుంచి లాగి నియమావళిలో రాసిపెట్టినప్పుడు పోయేది ఆ విద్యే. మిగిలేది చక్రాలు మార్చే చేతుల వేగం. 1.80 సెకన్లు చూడముచ్చటే, కాని ఎందుకు ఆగారో తెలియని ఆగడంలో ఆ వేగానికి విలువేముంది?

నా కోరికలు మూడే. రెండు రకాల టైర్ల నియమం ఉండనీయండి. భద్రతకు హద్దు కావలసిన బాట అయితే ఆ బాటను, ఆ టైరును సరిచేయండి, హద్దును అలవాటు చేయకండి. మజిలీల సంఖ్య మాత్రం నడిపేవాడికి వదలండి. ఇవి నిర్వాహకుల చెవిన పడతాయన్న భ్రమ నాకు లేదు. మీ చెవిన పడితే చాలు. మీలో ఈ ఆట ఎరిగినవారు దయచేసి తెలుగులో రాయండి. ఎవరు గెలిచారని కాదు, ఎందుకు గెలిచారని రాయండి. అరుగుదల, పట్టు, పొదుపు, మజిలీ, మాటలన్నీ మన దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. నాతో విభేదించేవారికి స్వాగతం. అయితే తప్పనిసరి మజిలీ వల్ల మాత్రమే రక్తి కట్టిన పందెం ఒక్కటి, సంవత్సరంతో సహా చెప్పి మరీ విభేదించండి.

స్వస్తి.